తలుపు పక్క కుర్చీ

మొదటాయన కాకినాడలో. టోకెన్ నలభై ఒకటి.
నేను "ఐసు ఫ్యాక్టరీలో..." అనేలోపే
ఆయన పెన్ను చీటీ మీద సగం దూరం వెళ్లిపోయింది.
నిద్రొచ్చింది, నిజమే.
నిద్రలోకి అమ్మోనియా కూడా వచ్చింది.

రెండో ఆయన రాజమండ్రిలో.
"జరిగింది మర్చిపోమ్మా, పిల్లలున్నారు కదా."
ఆయ్, అన్నాను.
మర్చిపోవడం నా చేతిలో పనైతే
ఐదొందలు ఫీజు కట్టి మీ దాకా ఎందుకొస్తానండీ?

మూడో మనిషి ఫోన్లో కనిపించింది. మంచిదే పాపం.
"మీ బాధకి పదికి ఎన్ని మార్కులేస్తారు?" అంది.
రొయ్యలకైతే కౌంటు చెప్పగలను,
కిలోకి ముప్ఫయ్యా, నలభయ్యా,
కళ్లు మూసుకుని తడిమి చెప్పగలను.
దీనికి కౌంటు తెలీదు.
అప్పుడే సిగ్నల్ పోయింది.
ఆవిడ నోరు తెరిచి అలాగే ఆగిపోయింది,
హెప్సిబా ఆగిపోయినట్టు.
ఫోను కాలవలోకి విసిరేద్దామనుకున్నాను.
ఇంకా ఐదు వాయిదాలున్నాయి. విసర్లేదు.

మా ఆయన మాత్రం ఏ సలహా చెప్పకుండా
ఫ్రిజ్ మోసుకెళ్లి పక్కింట్లో పెట్టొచ్చాడు.
దాని మోటారు ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ
పిల్లల్ని లాక్కుని నేను వీధిలో పడుతున్నానని.

నాలుగో చోటు అమలాపురంలో,
మోటార్లకి వైండింగు చుట్టే కొట్టు పైన. ఇనప మెట్లు.
మధ్యాహ్నం బస్సుకే తిరిగెళ్లిపోవచ్చని
ముందే లెక్కేసుకున్నాను.
ఆవిడ పేరు మెహరున్నీసా.
లేచి నిలబడి అడిగింది:
"ఎక్కడ కూర్చుంటారు?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు.
తలుపు పక్క కుర్చీ చూపించాను.
"తలుపు వెయ్యనా, తెరిచే ఉంచనా?"
తెరిచే ఉంచమన్నాను.
కింద నుంచి రాగి తీగ చుట్టే చప్పుడు.
హెప్సిబా గురించి అడగలేదు.
మెట్లెక్కేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగిందని అడిగింది.
తొమ్మిదో మెట్టు మీద, అన్నాను.
రాసుకోలేదు. తలూపింది.

రెండో వారం, నేల మీద ఫినాయిలు.
ముక్కులో మంట, చెవుల్లో సైరను,
మెట్లు ఎలా దిగానో తెలీదు.
ఆవిడ వెనకే రాలేదు, పై నుంచి పిలవలేదు.
కాసేపాగి మంచినీళ్ల గ్లాసుతో దిగి
కొట్టు బల్ల మీద, నాకు కొంచెం ఎడంగా కూర్చుంది.
"ముందే అడగాల్సింది. తప్పు నాది."
డాక్టర్లు ఆ మాట అంటారని నాకు తెలీదు.
మూడో వారం నేల వట్టి నీళ్లతో తుడిచి ఉంది,
ఇంకా ఆరలేదు.

మా తాత లాకుల దగ్గర లస్కరు.
ఆఖరి పడవల రోజులవి, నన్ను గోడ మీద కూర్చోబెట్టేవాడు.
పైన నీళ్లు ఎత్తు, కింద నీళ్లు పల్లం.
సరంగు ఎంత కేకలేసినా
తాత పెద్ద తలుపు ముట్టుకునేవాడు కాదు.
చిన్న షట్టరు జానెడు ఎత్తి బీడీ వెలిగించేవాడు.
"రెండు నీళ్లూ ఒక్క మట్టానికి రానీవే,
తలుపు నువ్వు తోసినా తెరుచుకుంటుంది."

ఆరో వారమో ఏడో వారమో
నేనే మొదలెట్టాను.
హెప్సిబా చెప్పులు చాలా రోజులు గేటు దగ్గరే ఉన్నాయని.
ఒక్కటే తడిగుడ్డ ఉందని.
అది నా ముక్కు మీద ఉందని.
అక్కడ ఆగిపోయాను.
కరెంటు పోయి కింద మిషను కూడా ఆగింది.
"నీ తప్పు కాదు" అనలేదావిడ.
అది ఊరంతా అంది.
"ఆ గుడ్డ ఏ రంగు?" అంది.

ఎర్ర గళ్లది.
పొద్దున హెప్సిబా క్యారేజీకి చుట్టి తెచ్చుకున్నది.
కుళాయి కింద తడిపి,
పిండి,
తనే నా చేతిలో పెట్టింది.
ఏడాదిన్నర ఈ ముక్క నాలిక కిందే ఉండిపోయింది.

నయమైందా అని అడుగుతారు బస్సులో.
ఫ్రిజ్ ఇంకా పక్కింట్లోనే ఉంది.
నిన్న చేపల కూర గిన్నె నేనే పెట్టొచ్చాను,
తలుపు తీస్తుంటే మోటారు మొదలైంది,
గిన్నె ఒలికింది గానీ పడలేదు.

పోయిన మంగళవారం మళ్లీ అడిగింది మెహరున్నీసా,
వెయ్యనా, ఉంచనా అని.
సగం వెయ్యమన్నాను.