పావు మిల్లీమీటరు

ఆదివారం రాత్రి పదకొండింటికి
ల్యాబులో నేనొక్కదాన్నే.
కిటికీ అవతల ఎమాయెగి నది గడ్డకట్టి ఉంది.
ఇంక్యుబేటర్‌లో ముప్పై ఏడు డిగ్రీలు.
తార్తు మొత్తంలో ఈ పూట
ఒంటి వెచ్చదనం ఉన్న చోటు ఇదొక్కటే అనిపిస్తుంది.

కణాలకి సెలవులుండవు.
రెండు రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పొయ్యాలి.
చంటిపిల్లకి పాలు పట్టినట్టు, అంటారు చూడవచ్చినవాళ్ళు.
కాదు. చంటిపిల్ల ఏడుస్తుంది.
ఇవి చప్పుడు లేకుండా చచ్చిపోతాయి.
పోయిన నెల ఒక పళ్ళెం నిండా బూజు.
ఎవరి తప్పో ఎవరూ అనలేదు. నాదే.

మూత మీద నా చేతిరాత:
వంబోలా రోసిలెహ్త్, జ్ఞానదంతం, కింది దవడ, ఎడమ.

నాలుగేళ్ళ కిందట థియేటరు మెట్ల మీద జారాడు.
పై పన్ను పోయింది. టైటానియం మర దింపారు.
ఎక్స్‌రే చూసి డాక్టర్లు సంబరపడ్డారు:
లోహమూ ఎముకా ఒకటైపోయాయి,
మధ్య వెంట్రుక దూరే సందు లేదు.

అదే నా బాధ, అన్నాడు వంబోలా.
క్లారినెట్ మూతి మీద ఆనేది పై పళ్ళే.
సొంత పన్ను ఎముకకి అతుక్కోదు,
పావు మిల్లీమీటరు నార పట్టుకుని వేలాడుతుంది.
ఎంత నొక్కావో, ఎక్కడ ఆగాలో
ఆ నారే చెబుతుంది.
"ఇది చెప్పదు. గట్టిగా కొరికానని తెలిసేది
రబ్బరు తెగాక."
ఏడాదికి ఆరు రబ్బరు ముక్కలు మార్చే మనిషి,
ఇప్పుడు వారానికొకటి.

పంటి బిగువు అంటాం.
బిగువు పంటిలో లేదు,
పంటినీ ఎముకనీ ఒకటి కానివ్వని
ఆ కాస్త ఎడంలో ఉంది.

అందుకే ఆయన జ్ఞానదంతం వేరు గీకి
ఆ నార కణాల్ని పెంచుతున్నాను.
ఈ పళ్ళేనికొక గుణం:
వెచ్చగా ఉన్నంతసేపూ కణాలు అడుగుని కరుచుకుంటాయి,
ఇరవైకి చల్లబడితే వదిలేస్తాయి.
కత్తి అక్కర్లేదు.
అంచులు ముడుచుకుంటూ మీగడ లాంటి పొర
మొత్తంగా పైకి లేస్తుంది.
తడి ఆరకముందే దాన్ని మరకి చుట్టాలి.
మొదటిసారి చెయ్యి వణికి చిరిగింది.

పదకొండు పందుల్లో ఏడింటికి నిలిచింది.
మిగతా నాలుగింటిలో ఎముక
పొరని మింగేసి లోహాన్ని వాటేసుకుంది,
అలవాటు కొద్దీ.
మనుషుల వంతు ఎప్పుడో
కమిటీ వాళ్ళకే తెలియదు.

శుక్రవారం వంబోలా వచ్చాడు,
బూట్ల మంచు కూడా దులుపుకోకుండా.
మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు చూశాడు.
"ఇవి నావా?"
"మీవే."
"వింటాయా?"
నరాలు వచ్చి చేరాలి, చెప్పలేను, అన్నాను.
తలూపి, కోటు జేబులోంచి
నల్ల రబ్బరు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.
నడిమధ్య పంటి గాటు,
అవతలి వెలుగు కనిపించేంత.

అదింకా అక్కడే ఉంది. పారెయ్యలేదు.

ఇంక్యుబేటర్ తలుపు మూసి, నడవలోకి వచ్చి
డబ్బాలోని రై రొట్టె కొరికాను.
పంటి కింద ఏదో.
నాలుకకి రుచి తెలిసేలోపే
పన్ను చెప్పేసింది,
రాయి కాదు, సోంపు గింజ అని.
ఒక్క క్షణం ఆగి
మళ్ళీ నమిలాను.