కప్పల తక్కెడ

ఏప్రిల్ మొదటి వాన.
థర్మామీటరు ఐదు డిగ్రీలు దాటగానే
హెల్వే ఫోన్ చేస్తుంది. హలో అనదు.
"కదిలాయి" అంటుంది, పెట్టేస్తుంది.

ఆ ఒక్క మాటకి కూసెవెరె ఊళ్ళో
సగం తాగిన సూపు మీద మూత పడుతుంది.
రబ్బరు బూట్లు, పసుపు కోట్లు,
అడుగున ఎండిన రంగు ఇంకా వదలని పెయింటు బకెట్లు
తలుపులు దాటి రోడ్డెక్కుతాయి.

అడవికీ, పాత ఇటుకబట్టీ గుంటకీ నడుమ
తారు పోసి నలభై ఏళ్ళు.
గోదురుకప్పలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
అమ్మమ్మ గుడ్లు పెట్టిన నీళ్ళకే అవీ పోవాలి.
కప్పంటే గెంతుతుందనుకుంటాం.
ఇవి నడుస్తాయి,
మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా ఆగి ఆగి.
లారీ లైటు పడితే
ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు నడిరోడ్డు మీదే కూచుంటాయి.

మొదటి ఏడు తెల్లారాక
పారతో గీకి లెక్కపెట్టింది హెల్వే.
నాలుగు వందల పన్నెండు.
ఆ కాగితం పట్టుకెళ్తే పంచాయతీ ఆఫీసులో
"కప్పలకి ఓటు లేదు కదమ్మా" అన్నారట.
మర్నాడు బడి గేటు దగ్గర నిలబడి
పిల్లల్ని ఒకటే అడిగింది:
మీ ఇంట్లో బకెట్ ఉందా?

ఇప్పటికి పదకొండేళ్ళు.
ఆరు వందల మీటర్లు ఆకుపచ్చ గుడ్డ కంచె,
దాని వెంట వంగిన నడుములు, నోట్లో టార్చిలైట్లు.

సభలూ పెడతాం, లైబ్రరీ మేడ మీద.
రైవో సొరంగం తవ్వాలంటాడు.
ఉర్వె ఏప్రిల్లో రోడ్డే మూసేయమంటుంది.
కోతమిల్లు ముప్ఫై ఇళ్ళ పొయ్యి,
అందులో నాదొకటి, అంటాడు మిక్కో.
ఒకర్ని తూకంలో కూచోబెట్టేలోగా
ఇంకొకరు దూకేస్తారు.
అంతకన్నా బకెట్ నయం.
అందులోవి కనీసం
ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి.

నిన్న రాత్రి దుంగల లారీ ఒకటి
మా ముందు బుసకొట్టి ఆగింది.
కాల్యు. వాళ్ళమ్మాయి సిగ్నె
నా పక్కనే ఉంది, చేతిలో ఇరవై మూడు కప్పల బరువు.
అద్దం దించాడు. తిడతాడనుకున్నాం.
"ఇంకెంతసేపు?"
"తెలీదు నాన్నా, అవి చెప్పవు."
ఇంజను ఆపేశాడు.
అంత నిశ్శబ్దంలో మొదటిసారి విన్నాను,
తడి ఆకుల మీద అవి నడిచే చప్పుడు.
ఎవరో ఇస్త్రీ చేసిన చీరని
మెల్లగా మడత విప్పుతున్నట్టు.
పదిహేను నిమిషాలు. దిగలేదు, సాయం పట్టలేదు.
సిగరెట్ ముగించి వెళ్ళిపోయాడు.
సంతకం పెట్టిన కాగితాలకన్నా
ఆ పదిహేను నిమిషాలు నాకెక్కువ నచ్చాయి.

రెండింటికి నోటుబుక్కు మూసింది హెల్వే:
వెయ్యిన్నీ మూడు వందల ఆరు.
వేళ్ళు వంగడం లేదు, చలికో వయసుకో.
నేను రొట్టెల వ్యాను తిప్పుకుని బేకరీకి బయల్దేరాను.
మూడింటికి పిండి నాకోసం పొంగి ఉంటుంది.

ఎనిమిది కిలోమీటర్లు పోయాక
వెనకాల ఖాళీ బకెట్లో చిన్న చప్పుడు.

ఒకటి. అంచు కింద అంటుకుపోయి
ఎలా మిగిలిందో.
పక్కన ఆపి కాసేపు లెక్కలు వేశాను:
పోనూ రానూ పదహారు, ఇంత డీజిలు, ఇంత పొగ,
ఒక కప్ప.
ఏ తక్కెడలో పెట్టినా తేలిపోయే లెక్క.
హెల్వేని అడగొచ్చు, నిద్రపోయి ఉంటుంది.
అడిగితే ఏమంటుందో తెలుసు,
అందుకే అడగలేదు.

వ్యాను తిప్పాను.

గుంట ఒడ్డున బకెట్ వంచితే
అది నీళ్ళలోకి పోలేదు.
నా బూటు మీదికెక్కి కూచుంది,
గొంతు కొట్టుకుంటోంది.
అక్కడ పిండి పొంగుతూ ఉంటుంది, అంచు దాటి కూడా.
నేను కాలు కదపలేదు.