పక్క బల్ల

పోర్టు గేటు దగ్గర వేబ్రిడ్జి మీద
రోజుకి నూట నలభై లారీలు తూస్తాను నేను.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే
మిగిలిందే సరుకు.
ఆ శనివారం సాయంత్రం
అద్దం ముందు నన్నూ తూచుకున్నాను:
కొత్త నేత చీర, పాత చెప్పులు,
ఫోన్లో ముఖాలు తెలియని ఒక గ్రూపు.
దాని పేరు "ఒక్కళ్ళం వెళ్ళలేం".

సిరిపురంలో మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
మెట్ల మీదే మొదలైంది వేయించిన వెల్లుల్లి వాసన.
తలుపు దగ్గర కుర్రాడు నా మణికట్టు మీద
నీలం ముద్ర కొట్టాడు,
చలానా మీద నేను కొట్టినట్టే, కొంచెం వంకరగా.

లోపల మసక.
ఎవరో చెయ్యి ఊపారు. నాకే అనుకున్నాను.
తొమ్మిదిమంది జరిగి చోటిచ్చారు.
"ఏటమ్మా ఇంత లేటు" అని
పల్లీల పళ్ళెం ఇటు తోశాడు సన్యాసప్పడు,
రెండు మోకాళ్ళకీ పట్టీలు.
దమయంతి గారు, మెళ్ళో కళ్ళజోడు తాడు,
బీరు నురగని చెంచాతో తీసుకుని తింటున్నారు.
మాటలన్నీ కైలాసగిరి మెట్ల గురించే,
ఎక్కడ ఆగారు, ఎవరికి ఆయాసం.
నాటకానికొచ్చి ఈ మెట్లేమిటో తెలీలేదు.
అడగడానికి సిగ్గేసి
నాకూ మెట్లంటే ఇష్టమే అన్నాను.

వేదికంటే బీరు పెట్టెలు, పైన ప్లైవుడ్.
ఒక కీబోర్డు, ఒక డప్పు, నలుగురు నటులు.
ఊరంతా ఆ నలుగురే.
పూర్ణా మార్కెట్లో దొంగ తూకాల నూకాలు,
ఓడలో వంటవాడొకడు ఆమె దగ్గర వంజరం కొని
పావుకిలో తగ్గిందని తిరిగొచ్చి
పాడుతూ దెబ్బలాడతాడు.
పాట నిండా కాటా, రాళ్ళు, వణికే ముల్లు.
నేను కుర్చీ అంచుకి వచ్చేశాను.
మధ్యలో బారులో మిక్సీ తిరిగింది, ఎవరికో పైనాపిల్ రసం.
నూకాలు పాట ఆపకుండా
ఒక్క చూపుతో మిక్సీని ఆపింది.

విరామంలో, బాత్రూం లైన్లో నిలబడితే కనిపించింది.
అవతలి మూల, స్తంభం చాటున,
అయిదుగురు, ఒక ఖాళీ కుర్చీ,
కుర్చీకి అంటించిన చీటీ మీద నా పేరు: వరహాలు.
మావాళ్ళు!
ఎవరితో ఎవరూ మాట్లాడకుండా
మెనూ కార్డులు చదువుకుంటున్నారు.

వెళ్ళాలి కదా.
ఓసారి వెనక్కి చూశాను.
నేను సగం తిన్న మొక్కజొన్న గారె చల్లారిపోకుండా
దమయంతి గారు దాని మీద గిన్నె బోర్లిస్తున్నారు.
వచ్చి అక్కడే కూర్చున్నాను.

ఓడ మునిగింది.
ఇద్దరు పట్టుకుని ఊపిన నీలం చీర, అంతే సముద్రం.
వంటవాడు చివరి పాట పాడి
గరిటె వదిలేసి చచ్చిపోయాడు.
ఎవరి గ్లాసులోనో ఐసు ముక్క జారింది.

"వన్స్ మోర్!"

సన్యాసప్పడు. పట్టీల మోకాళ్ళ మీద లేచి నిలబడి.
పందిట్లో తెల్లవార్లూ పద్యాలు విన్న మనిషి,
ఆయనకి చావొక అడ్డంకి కాదు.
కుర్రకారు నవ్వింది.
శవం ఒక కన్ను తెరిచి
డప్పువాడి వైపు చూసింది.
వాడికి తెలుసు, వాళ్ళ తాత చెప్పుంటాడు, తల ఊపాడు.
శవం లేచింది, చొక్కా దులుపుకుంది,
చివరి చరణం మళ్ళీ ఎత్తుకుంది.

మొదటిసారి నటించాడు.
ఈసారి ఎక్కడ పోతాడో తెలిసి పాడాడు,
మైకు లేదు, గరిటె లేదు.
అవతలి మూల మెనూ కార్డులు
ఒక్కొక్కటే కిందికి దిగాయి.
ముందు ఏడ్చిందెవరో చెప్పను.
మళ్ళీ చచ్చిపోయాడు, కాస్త ఎడంగా, దీపం కింద పడేలా చూసుకుని.

బిల్లు పదితో భాగించారు. నా వంతు ఆరువందల పది.
"ఇంతకీ నువ్వే బ్యాచ్?" అన్నారు దమయంతి గారు.
చెప్పాను.
నవ్వీ నవ్వీ కళ్ళజోడు జారింది,
తాడుంది కాబట్టి సరిపోయింది.

బీచ్ రోడ్డు మీదుగా ఆటో.
లంగరేసిన ఓడల దీపాలు చీకట్లో.
వాటిల్లో ఏదో ఒకదాంట్లో
నిజం వంటవాడొకడు ఇప్పుడు గిన్నెలు తోముతూ ఉంటాడు.
ఫోన్ మోగింది:
"వరహాలు గారూ, రాలేదేం?"

వచ్చాను, అని కొట్టాను. పక్క బల్ల.
కాసేపాగి మళ్ళీ:
రేపు పొద్దున్న అయిదున్నరకి మెట్లెక్కుతున్నాం. మీరూ రండి.

చాలాసేపు ఎవరూ పలకలేదు.
జాలరిపేట దాటాక ఒకరు:
"ఎన్ని మెట్లు?"