రెండో నంబరు కంప్రెసర్

మొదటి రాత్రి మూడో పాట కూడా దాటలేదు.
ఇయర్‌ఫోన్లు పీకి లాగ్‌బుక్కు మీద పడేశాను.
ఇదేం ఆల్బమ్ కెజియా,
గిటారుని గ్రైండర్లో వేసి
మూత పెట్టడం మర్చిపోయినట్టుంది, అన్నాను.
ఆ పిల్ల మా హమాలీ మేస్త్రి రత్నం కూతురు,
పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్,
వేళ్ళ కొసలకి సోల్డరింగు కాలిన మచ్చలు.
"ఇంకో మూడుసార్లు విను మస్తాన్ బాబాయ్,
అప్పుడు తిట్టు" అంది.

మూడుసార్లు ఎందుకు వింటాను?
కానీ చిలకలూరిపేట రోడ్డు మీద
కోల్డ్ స్టోరేజీలో నైట్ డ్యూటీ అంటే
గంటకోసారి ప్రెషరు రాయడం, ఆయిల్ చూడటం,
అమ్మోనియా వాసనకి ముక్కుని కాపలా పెట్టడం.
మిగతా రాత్రంతా ఖాళీ.
లోపల లక్ష టిక్కీల తేజా, బ్యాడిగ
చలికి ముడుచుకుని
ధర వచ్చేదాకా నిద్రపోతుంటాయి.
మేలుకుని ఉండాల్సింది నేనొక్కణ్ణే.

రెండోసారి కోపంతోనే విన్నాను,
ఎక్కడెక్కడ తప్పో లెక్క చెబుదామని.
ఐదో పాట డప్పులాంటి దానితో మొదలై
పట్టుమని పది దెబ్బలు పడకముందే
చర్చి ఆర్గన్‌లోకి జారిపోతుంది.
దాని నెత్తిన గిటారు,
రేకు మీద మేకు గీసినట్టు.
ఒక్కో పాటా మూడిళ్ళ కాపురం.
పాడేవాడికి గొంతే లేదు,
లేదా ఉన్న గొంతుని
ఏ తీగలోనో దాచి పంపుతున్నాడు.

మూడోసారి నేను వినలేదు.
దాని మానాన అది మోగుతుంటే
రెండు గంటల రీడింగు రాసుకుంటున్నాను.
కిందికి చూస్తే
కాలు తాళం వేస్తోంది.
నా కాలే.
నన్నడక్కుండా.

గుంటూరు వాణ్ణి కదా,
మిరపకాయతో పోల్చి చేతులు దులుపుకోవచ్చు:
ముందేమీ అనిపించదు, కారం వెనకనుంచి ఎక్కుతుంది, అని.
అది కాదు.
కారానికి అలవాటు పడేది నాలుక.
ఇక్కడ అలవాటు పడ్డది ఏదో
నాకింకా తెలియదు.
ఏడో పాటలో ఒకచోట అన్నీ ఆగిపోతాయి,
రెండే రెండు క్షణాలు.
మొదట్లో వైరు తెగిందనుకుని పిన్ను తిప్పేవాణ్ణి.
తర్వాత తర్వాత ఆ రెండు క్షణాల కోసం
ముందున్న ఆరు పాటలూ మెట్లలా ఎక్కాను.
ఆ ఆగినచోట అడుగునుంచి ఒక మోత,
చీకట్లో పడుకున్న గేదె ఊపిరిలా.
ఎవరోగానీ
అన్నీ తీసేసి దీన్నొక్కదాన్నే ఉంచారంటే
గుండె ఉన్నోళ్ళు, అనుకున్నాను.

మొన్న సెలవు.
పాత గుంటూరులో ఇల్లు, మిట్టమధ్యాహ్నం.
గౌసియా చుట్టాలింటికి వెళ్ళింది.
ఫ్యాను కూడా ఆపి
మొదటి పాట నుంచి మర్యాదగా విన్నాను.
ఏడోది వచ్చింది. అన్నీ ఆగాయి.
ఏమీ లేదు.
నా చెవిలో నా నెత్తురు చప్పుడు, అంతే.
వెనక్కి తిప్పాను. మళ్ళీ తిప్పాను.
లేదు.

ఆ మోత పాటది కాదు.
మా రెండో నంబరు కంప్రెసర్‌ది.
పదకొండేళ్ళు పక్కనే కూర్చుని
ఒక్కనాడూ చెవిన పెట్టనిదాన్ని
ఎవరి పాటలోనో విని మెచ్చుకున్నాను.

చెప్తే కెజియా నవ్వుతుందనుకున్నా.
నవ్వలేదు.
మెషిన్ రూముకొచ్చి, సెల్లు దాని ఒంటికి ఆనించి
చాలాసేపు రికార్డు చేసుకుంది.
"శ్రుతి ఎంతో చూస్తా" అంది.
ఎంతైతే ఏంటమ్మా అన్నాను గానీ
తెల్లారిందాకా అదే ఆలోచన.

నిన్న మెకానిక్ సాంబిరెడ్డి వచ్చాడు.
రెండో నంబరుకి బేరింగు అరిగింది,
మోత వినపడట్లేదా నీకు, అన్నాడు.
ఆదివారం మార్చేద్దామన్నాడు.
సరేనని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాను.

ఆదివారానికి ఇంకా నాలుగు రాత్రులు.
సెల్లు చార్జింగులో పెట్టాను.