బఠానీ గింజంత

చీమకుర్తిలో మధ్యాహ్నం రెండింటికి
కాటా ఆగిపోయింది.

లారీ కాటా మీదే ఉంది,
లారీ మీద గెలాక్సీ బండ ఉంది,
బండలో చుక్కలు ఎప్పట్లాగే మెరుస్తున్నాయి.
తూకం చెప్పాల్సిన కంప్యూటరే
ఓసారి మూలిగి, నల్లబడి, ఊరుకుంది.
వెనక పదకొండు లారీలు. హారన్లు.

గుమస్తా మాలకొండయ్య దాన్ని తువ్వాల్లో చుట్టి
జ్వరమొచ్చిన పిల్లాణ్ణి తెచ్చినట్టు
మోటారుసైకిల్ మీద మా కొట్టుకు తెచ్చాడు.
"మూడు నెల్ల కిందటే గదమ్మా బాగుచేస్తివి!"

చేసింది నేనే.
ఆ సంగతి జిలానీ అన్నకి తెలుసు.
ఆయనకి తెలుసని నాకూ తెలుసు.

ఫ్యాన్ రెక్కల నిండా రాతిపొడి.
ఈ ఊళ్ళో అది లేని చోటేది,
కూరలో, కనుబొమల్లో, పెళ్ళి ఫొటోల అద్దాల మీద.
నేరమంతా దాని మీదికి తోసేద్దామని
ఒక్క క్షణం అనిపించింది.
తర్వాత హీట్‌సింకు పైకి లాగాను.

అది నా చెయ్యే.
ఆకు దాటి పారిన పెరుగన్నంలా పేస్టు,
అంచులు దాటి, పక్కనున్న సందుల్లోకి జారి,
పెచ్చులు కట్టి.
ఆవేళ ఏమనుకున్నానో బాగా గుర్తుంది:
శివరాత్రి వెళ్ళింది, ఇక ఎండలు ముదురుతాయి,
పాపం, ఇంకొంచెం వేద్దాం.
వడ్డించే చెయ్యి మాది.
చాలు చాలు అన్నవాడికి
ఇంకో గరిటె వేస్తేనే మర్యాద.

జిలానీ అన్న తిట్టలేదు. తిడితే బాగుండేది.
తమలపాకు తొడిమ తుంచి, ఈనె తీసి,
సున్నం డబ్బాలో చూపుడువేలి కొన ముంచి
ఆకు మీద ఒక్క గీత గీశాడు.
"ఎక్కువైతే?"
"నోరు పొక్కుద్ది."
"తక్కువైతే?"
"పండదు."
ఆకు బుగ్గన పెట్టుకుని
అవతలి బల్ల మీద ప్రింటర్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

స్పిరిట్లో తడిపిన దూదితో తుడిచాను.
రెండు లోహాలూ అద్దాల్లా బయటపడ్డాయి.
అద్దాల్ని నమ్మకూడదు.
మా అమ్మ పాలిషింగ్ యూనిట్లో పద్నాలుగేళ్ళు చేసింది.
మొహం కనపడే బండ మీద గోరు పెట్టి
"ఇదిగో, ఇక్కడ గుంట" అనేది.
నాకేమో నా మొహమే కనపడేది.

కంటికి ఆనని ఆ గుంటల్లో గాలి నక్కి ఉంటుంది.
వేడిని దాటనివ్వదు.
పేస్టు పని వాటిని పూడ్చడం వరకే.
లోహాన్ని లోహం తాకే చోట
అది తప్పుకోవాలి.
మధ్యలో పరుపేసుకుని పడుకుంటే
అదే గోడ.

సిరంజి మూత తీశాను.
సరిగ్గా నడిమధ్య ఒక్క బొట్టు,
బూడిదరంగు, బఠానీ గింజంత.
ఎంత తక్కువగా కనపడిందంటే
బొటనవేలు దానంతటదే మళ్ళీ నొక్కబోయింది.
దాన్ని ఆపడం,
పని మొత్తానికీ అదొక్కటే కష్టం.

హీట్‌సింకు నిలువుగా దించాను.
ఒక మూల స్క్రూ, దానికి ఎదురు మూల స్క్రూ,
రెండేసి తిప్పులు.
లోపల బొట్టు ఎట్లా పరుచుకుందో ఎవరికీ కనపడదు.
చూద్దామని ఎత్తితే
మళ్ళీ గాలి.

తెర మీద అంకెలు.
నలభై ఒకటి. యాభై రెండు.
అరవై మూడు దగ్గర నిలబడ్డాయి.
బయట రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ.
మాలకొండయ్య జేబులో చెయ్యి పెడితే
జిలానీ అన్న తల అడ్డంగా ఊపాడు.
"పోయినసారివి ఉండయిగా."

చీకటి పడ్డాక ఫోనొచ్చింది:
మొదటి లారీ ముప్పై నాలుగు టన్నుల రెండొందల కిలోలు.
కిలోతో సహా చెప్పాడు.

ఇంటికెళితే అమ్మ నా వేళ్ళు పట్టుకుని చూసింది.
"నీకూ అంటిందా రాతి బురద?"
కాదన్నాను.
గోరుతో గీరింది, వాసన చూసింది, నమ్మలేదు.
నా అరచేతిలో సబ్బుపొడి పోసింది,
చారెడు.