ఏది సొట్ట, ఏది సోకు

కాశీబుగ్గ గేటు దగ్గర
ఆ బండి ఆగిన సాయంత్రం
నేను సుత్తి కింద పెట్టాను.
ఎవరో అప్పుడే గుద్దేశారనుకున్నాను.

ముప్పై ఏళ్ళుగా నా పని మడతలు విప్పడం.
లారీ తలుపులు, జీపు బుగ్గలు,
తుపాను మర్నాడు తోటల్లో ఏరుకొచ్చిన రేకులు,
రేకు ఎక్కడ ముడుచుకుంటే అక్కడ నా అన్నం.
అలాంటి నా కళ్ళ ముందు
కోటిన్నర పోసి కొన్న మడతలు!
నడుముకి ఒకటి, భుజానికి రెండు,
వెనక చూస్తే కాగితం పడవ విప్పబోయి మానేసినట్టు.
కళ్ళు బ్లేడుతో గీరినంత సన్నం,
వాటి కింద నోరు మాత్రం
జీడిపిక్కలు కాల్చే బట్టీ తలుపంత.

బల్ల వైకుంఠరావు దిగి అద్దం తుడుచుకున్నాడు.
"ఎలాగుంది మేస్త్రీ?"
నేను నట్టు వెతుక్కుంటున్నట్టు వంగిపోయాను.

ఆ వారం పలాసలో
జీడిపప్పు ధర ఎవరూ అడగలేదు.

పిక్కలు కొట్టి కొట్టి నల్లబడ్డ వేళ్ళు
నోటికడ్డం పెట్టుకొని దాలమ్మ నవ్వింది:
"ఓలమ్మ! పళ్ళున్నాయి గానీ నవ్వు నేదు దీనికి."
లేతు మెషిను డిల్లేసు అన్నం మానేసి
ఫోటోలు తీస్తూనే ఉన్నాడు.
"మీకు తెల్దు, ఇది రేపటి బండి."
"రేపు ఇంత కోపంగా ఉంతాదేటిరా?"
అన్నాడు గానుగ నూనె దుర్యోధన సాహు.
డ్రాయింగు మాస్టారు జగ్గునాయుడు గారు
రిటైరై పదేళ్ళయినా జేబులో పెన్సిలు మానలేదు;
దాన్ని గాల్లో నిలబెట్టి, ఒక కన్ను మూసి,
చక్రానికీ చక్రానికీ మధ్య కొలిచి,
"చెయ్యి తెలిసినవాడే గీశాడు.
ఎందుకు గీశాడో మాత్రం..." అని
పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు.
వైకుంఠరావు భార్య సుభాషిణమ్మని అడిగితే,
"లోపల కూకుంటే కనిపించదు గదా,
అదొక్కటే సుఖం" అందిట.

మాట పెరిగి పెరిగి ఒకరోజు
టీ కొట్టు దగ్గర డిల్లేసు గ్లాసు విసిరికొట్టాడు.
అప్పుడు దాలమ్మే, ఆ దాలమ్మే:
"ఒగ్గీండర్రా. జీడిమామిడి పండు సూడనేదా మనం?
పిక్క కడుపులో ఉండాలి గదా,
బయట ఏలాడదీసినోడిని
ఏ గుంటడైనా అడిగినాడా, ఇదేటి సోకని?
దాని మీదే బతుకుతన్నాం."
అందరూ ఊరుకున్నారు.
దాలమ్మకి బండి నచ్చిందని కాదు.

చైత్రంలో, పిక్కలు దిగే రోజుల్లో
బస్తాల ట్రాక్టరు వెనక్కొచ్చి
బండి ఎడం తలుపుని నొక్కేసింది.
కొత్త తలుపు సముద్రం దాటి రావాలి,
మూణ్ణెల్లన్నారు విశాఖ షోరూము వాళ్ళు.
బండి నా షెడ్డుకొచ్చింది.

వైకుంఠరావు వేలు పెట్టి చూపించబోయి ఆగాడు.
అటు తిరిగాడు. ఇటు వంగాడు.
"మేస్త్రీ, ఇందులో ట్రాక్టరుది ఏది, కంపెనీది ఏది?"
డిల్లేసు ఫోనులో పాత ఫోటోలు వెతుకుతున్నాడు.
సాహు నవ్వాపుకోలేక నూనె డబ్బా దింపాడు.

నేను లైటు తీయించాను.
కళ్ళు మూసుకొని అరచెయ్యి ఆనించాను.
కంపెనీ మడత
ఈ చివర్నుంచి ఆ చివరి దాకా
ఎక్కడా తడబడకుండా
ఎడ్లు ఎరిగిన చాలులా సాగింది.
ట్రాక్టరు మడత బెత్తెడు పోయి
ఎటెళ్ళాలో తెలీక
చుట్టూ ఉన్న రేకుని పీక్కుంటోంది.

రెండు రాత్రులు పట్టింది.
అల్యూమినియం, సాగితే ఇక మాట వినదు.
లోపల్నుంచి చెక్క సుత్తితో ఊపిరంత దెబ్బలు.
ఒకచోట అలవాటు కొద్దీ
కంపెనీ గీతనే చదును చేసేశాను.
దాన్ని మళ్ళీ వంచేసరికి
విశాఖ పాసింజరు కూత వేసింది.
ముప్పై ఏళ్ళలో మొదటిసారి
రేకుకి నేను మడత పెట్టాను.

డబ్బులు లెక్కపెడుతూ వైకుంఠరావు,
"ఇప్పుడైనా చెప్పు, ఎలాగుంది?"
"సొట్ట నేదు బావూ" అన్నాను.

బండి గేటు దాటుతుంటే
దాలమ్మ మళ్ళీ నోటికి వేళ్ళు అడ్డం పెట్టుకుంది.
నవ్వుకోనీ.
ముందు నోటినీ, ఆ సన్నకళ్ళనీ
ఎవరేమన్నా అనుకోనీ.
ఎడం తలుపు మీద, గొళ్ళేనికి కింద,
ఆ జానెడు గీత జోలికొస్తే మాత్రం
ఊరుకోను.