నా పేరున్న పచ్చికాయలు

ముల్లు ఇలా పట్టుకో, ఫేనో. బొటనవేలికి ఆనించి.
నిమ్మముల్లే మంచిది, ఇనుము పువ్వుని కోస్తుంది.
ఆ పల్చటి పొర ఎత్తి, పుప్పొడిని మెల్లగా అదుము.
అంతే.
మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది వెనిలా పువ్వు,
ఒక్క పొద్దే దాని ఆయుష్షు.
ఆ పైన తొమ్మిది నెలలు నీకు పనేమీ లేదు
ఓపిక పట్టడం తప్ప.
నాకు చేతకానిది అదొక్కటే.

బాప్తిస్మం తరగతిలో అడిగావట
దేవుడు నిజంగా చెబుతాడా అని.
పాస్టరుగారు నా దగ్గరికి పొమ్మన్నారట.
తెలివైనవారు.
విన్నవాడు విని, చేసి, మరిచిపోతాడు.
విననివాడికే పొల్లుపోకుండా గుర్తుంటుంది.

మీ నాన్న తోంబో తోటలో దొంగలు పడ్డ రాత్రి
నువ్వింకా మీ అమ్మ వీపున గుడ్డమూటలో ఉన్నావు.
అంతలాహా బాట పొడుగునా కుక్కల అరుపులు.
నా కాయలకి ఏడో నెల.
ప్రతి కాయ మీదా సూదుల బిరడాతో నేను గుచ్చిన నా పేరు,
చుక్క చుక్కగా.
మోకరించి అడిగాను: కోయనా, ఆగనా?

ఉరుము లేదు, మెరుపు లేదు.
పరుగెత్తబోయే పిల్లాడి భుజమ్మీద
తండ్రి చెయ్యి ఆనినట్టు, ఒక్కటే మాట:
ఆగు.
సరే ప్రభువా, అన్నాను. కానీ దొంగలు, అన్నాను.
ఆ "కానీ" దగ్గర లేచి కత్తి వెతుక్కున్నాను.
గుమ్మంలో హంతా దీపం పట్టుకుని అంది:
"చెప్పింది చెయ్యనివాడివి అడగడం దేనికి?"

తెల్లారేసరికి తీగలు బోడిగా ఉన్నాయి.

వేణ్ణీళ్ళలో ముంచాను, దుప్పట్లలో చుట్టాను,
ఎండలో పరిచాను, పసిబిడ్డల్లా ఒత్తిగిలబెట్టాను.
నల్లబడ్డాయి, ముడతలు పడ్డాయి,
అచ్చం పండిన కాయల్లాగే.
వాసన మాత్రం రాలేదు.
ఎండుగడ్డి వాసన, దుప్పటి వాసన, నా చెమట వాసన.

నా ఒక్కడి నష్టమే అయితే ఇది కథ కాదు.
చెల్లెలు సోవాజరా, మొగుడు పోయిన మనిషి,
తొమ్మిది నెలలూ ఆగి కోసిన కాయలు
నన్ను నమ్మి నా చేతిలో పెట్టింది,
నీవాటితో పాటు అమ్మిపెట్టన్నయ్యా అని.
కలిపేశాను.
ఆమె పరిమళం నా గడ్డిని దాస్తుందనుకున్నాను.
మోటారుసైకిలు బేరగాడు గుప్పెడు తీసి,
రెండు విరిచి, ముక్కు దగ్గర పెట్టి,
మాట్లాడకుండా మళ్ళీ సంచిలో వేశాడు.
మొత్తానికీ పావు ధర.

ఆ యేడు ఆమె కూతురు మంత్రసాని బడికి వెళ్ళలేదు.
సోవాజరా నన్ను ఒక్క మాట అడగలేదు.
గుడిలో బల్ల మారి కూర్చుంది. తర్వాత ఊరే మారింది.
దొంగలు మా వైపు రానే లేదు.
వచ్చి ఉంటే బాగుండునని ఒకనాడు అనుకున్నాను.
అంత దూరం పోయింది నా మనసు.

ఆ తర్వాత చాలా అడిగాను దేవుణ్ణి.
ఏటి పక్క నేల కొననా? ఇంటికి రేకులు వేయించనా?
పన్నెండేళ్ళు. ఉలుకూ పలుకూ లేదు.
అలిగాడనుకున్నాను.
పాస్టరుగారు ఒక్కటే అడిగారు: "ఆఖరుసారి ఏం చెప్పాడు?"

దొంగనోరు నాది, జవాబు చెప్పలేదు.
బేరగాడి సంచి మూతిపడ్డ సాయంత్రమే చెప్పాడు:
వెళ్ళి చెల్లెలితో చెప్పు.
బియ్యం బస్తా కింద రసీదులా తోసేశాను ఆ మాటని.
ఆయన మలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఫేనో.
నేనే దాటి వచ్చేసి
దారేదీ, దారేదీ అని అరుస్తున్నాను.

చూడు, ఎండెక్కుతోంది. నూటికి పైగా పూలున్నాయి.
ఈ పొద్దు దాటితే ఇవి కాయలు కావు.
కానివ్వు. ఎన్ని అందితే అన్ని చెయ్యి.
నీ పేరే గుచ్చుకో.
ఏట్లో నీళ్ళు మోకాటి లోతే ఉన్నాయట,
అవతలి ఒడ్డున ఆమె ఇల్లు
నడిస్తే రెండు గంటలు.
ఆమె తలుపు తీస్తుందో లేదో
ఆయన నాకు చెప్పలేదు.

నా టోపీ ఇలా అందుకో.